పడవ షికారు దానం చేస్తానంటే చట్టం ఏమంటుంది?

రంజాన్ నెలలో చందా కోసం ఓ మీటింగు జరుగుతోందనుకోండి. రాజమండ్రిలోనో, నరసాపురంలోనో. మదరసా పైకప్పుకో, యతీంఖానా పిల్లల ఫీజులకో డబ్బు కావాలి. ఒకాయన పదివేలు రాయించారు. ఇంకొకాయన సిమెంటు బస్తాలు ఇస్తానన్నారు. వెనక వరసలోంచి పడవ ఉన్న భాయ్ ఒకాయన లేచి, "నా దగ్గర రొక్కం లేదు, బోటు ఉంది. ఓ రోజంతా పది మందిని గోదారి మీద తిప్పుతాను, గేలాలు వేయిస్తాను, పడిన చేపలు వాళ్లవే. దాన్ని వేలం పెట్టుకోండి, వచ్చిన డబ్బు మదరసాదే" అన్నాడు. అందరూ మాషాఅల్లాహ్ అన్నారు. రాసేవాళ్లు పుస్తకంలో రాసుకున్నారు.

అమెరికా, బ్రిటన్‌లలో సేవా సంస్థల వేలంపాటల్లో ఇలాంటి పడవ ట్రిప్పులు పెట్టడం మామూలే. అక్కడున్న మనవాళ్లు చూసి వచ్చి ఇక్కడా చెబుతుంటారు. ఆలోచన మంచిదే. కానీ ఆ భాయ్ ఇచ్చింది ఏమిటి? పడవ ఇవ్వలేదు. డబ్బు ఇవ్వలేదు. ఒక మాట ఇచ్చాడు. ఆ మాట వెనక ఒక రోజు పని ఉంది, పది మంది ప్రాణాల బాధ్యత ఉంది. పనిని దానం చేయొచ్చు గానీ బాధ్యతను దానం చేయలేం, అది ఓనరు దగ్గరే ఉంటుంది. చిక్కంతా ఇక్కడినుంచే మొదలవుతుంది.

మొదట మాట సంగతి చూద్దాం. దానం చేస్తానన్నవాడు తర్వాత వెనక్కి తగ్గితే కోర్టుకి వెళ్లొచ్చా? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రతిఫలం లేని ఒప్పందం, కొన్ని మినహాయింపులు తప్ప, చెల్లదు. దీని మీద రెండు పాత తీర్పులున్నాయి. లా కాలేజీ పిల్లలు ఇప్పటికీ వాటినే చదువుతారు. రెండింటిలోనూ మనవాళ్లే ఉన్నారు.

1914లో అలహాబాద్ హైకోర్టుకి వచ్చిన అబ్దుల్ అజీజ్ వర్సెస్ మాసూమ్ అలీ కేసు మసీదు చందాది. మసీదు మరమ్మతు నిధికి 500 రూపాయలు ఇస్తానని ఒకాయన మాటిచ్చారు. ఆ డబ్బు రాలేదు. ఆయన మాట నమ్ముకుని కమిటీ ఒక్క ఇటుక కూడా కొనలేదు, పనీ మొదలుపెట్టలేదు. అది ఉత్త మాటే కాబట్టి వసూలు చేయించలేమని కోర్టు చెప్పింది.

అంతకుముందు 1886లో కలకత్తా హైకోర్టు ఇంకోలా చెప్పింది. హౌరాలో టౌన్ హాలు కట్టడానికి చందాలు రాయించుకున్నారు. గోరీ మహమ్మద్ అనే ఆయన 100 రూపాయలు రాశారు. ఆ జాబితా నమ్ముకునే నిర్వాహకులు కాంట్రాక్టరుకి పని ఒప్పజెప్పారు. ఆ తర్వాత ఇవ్వనంటే కుదరదని, 100 రూపాయలూ కట్టాలని తీర్పు వచ్చింది.

తేడా అర్థమైంది కదా. మీ మాట నమ్మి ఎదుటివాళ్లు ఖర్చులోకి దిగితే ఆ మాటకి బరువు వస్తుంది. పడవ షికారుని వేలం వేసి, పాడినవాళ్ల దగ్గర మదరసా డబ్బు తీసుకుని, ఆ డబ్బుతో ఇసుక కంకర తోలించాక "బోటు ఇంజను బాగోలేదు, వచ్చే ఏడాది చూద్దాం" అంటే అది 1914 కేసులా కాదు, 1886 కేసులా ఉంటుంది. వేలం పాడినవాళ్లకి అయితే మరీ సూటి హక్కు. వాళ్లు డబ్బు కట్టి కొనుక్కున్నారు. డబ్బు తీసుకున్నది మదరసా కాబట్టి ముందు మదరసా గుమ్మమే తొక్కుతారు. అందుకే షికారు జరిగేదాకా ఆ డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉంచడం మంచిదని నా ఉద్దేశం. పైకప్పు నెల రోజులు ఆగితే కొంపలేమీ మునిగిపోవు.

ఇక వేలం. వేలం వేయడంలో తప్పు లేదు. చట్టంలోనూ లేదు, దీన్ ప్రకారమూ లేదు. ప్రవక్త (స) ఒక పేదవాడి దుప్పటి, గిన్నె తీసుకుని ఎవరు ఎక్కువిస్తారని అడిగి రెండు దిర్హమ్‌లకి అమ్మిపెట్టిన సంగతి తిర్మిజీలో ఉంది. అసలు ప్రశ్న వేరే ఉంది. మీరు వేలం వేస్తున్నది పడవ ప్రయాణాన్నా, పడబోయే చేపల్నా?

"రోజంతా తిప్పుతాను, గేలం వేసుకోండి" అంటే అది ప్రయాణం, సేవ. ఎన్ని గంటలు, ఎంతమంది, ఎక్కడినుంచి ఎక్కడికి అని తేల్చి చెప్పొచ్చు. "ఆ రోజు నా వలలో ఏం పడితే అది మీదే, పాడుకోండి" అంటే ఇంకా నీళ్లలో ఉన్న చేపని అమ్మడం. మన దేశ చట్టం దీన్ని అడ్డుకోదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 6వ సెక్షన్, దొరకొచ్చు దొరకకపోవచ్చు అన్న సరుకు మీద కూడా ఒప్పందం చేసుకోవచ్చని చెబుతుంది. ఫిఖ్‌హ్‌లో మాత్రం ఒప్పుకోరు. నీళ్లలో ఉన్న చేపని కొనొద్దు, అందులో మోసపోయే అవకాశం ఉంది అన్న మాట ఇబ్నె మస్‌ఊద్ (రజి) నుంచి ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఒక మునకలో ఏం దొరికితే అది నీదే అంటూ గజ ఈతగాడి మునకని అమ్మడాన్ని కూడా ఉలమాలు ఈ లెక్కలోనే చూస్తారు. దాన్ని గరర్ అంటారు. ఏం కొంటున్నాడో కొనేవాడికే తెలియని బేరం అన్నమాట.

కాబట్టి వేలం కాగితం మీద "చేపల వేట" అని పెద్ద అక్షరాలతో వేయకండి. "పడవ ప్రయాణం, ఇన్ని గంటలు" అని వేయండి. చేప పడితే పట్టుకున్నవాడిది, పడకపోతే ఎవరూ ఎవరికీ బాకీ లేరు. ఇలా రాస్తే కోర్టులో తకరారు ఉండదు, ముఫ్తీ సాబ్‌ని అడిగినా ఇబ్బంది ఉండదు. ఒక్క పులస కోసం ఎదురుచూసి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి కోపం ఎలా ఉంటుందో గోదారి జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా!

కొందరు వేలం బదులు వంద రూపాయల టిక్కెట్లు అమ్మి లక్కీ డ్రా తీద్దామంటారు. వద్దు. అనుమతి లేని లాటరీ నడపడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం. డబ్బు మంచి పనికే పోతుందన్నది అక్కడ మినహాయింపు కాదు. అది జూదం కాబట్టి దీన్ వైపునుంచీ అదే జవాబు.

ఇప్పుడు అసలు విషయానికి, పడవకి వద్దాం.

2019 సెప్టెంబరు 15 ఆదివారం. గండిపోచమ్మ దగ్గరనుంచి పాపికొండలు చూడ్డానికి బయలుదేరిన రాయల్ వశిష్ట పున్నమి బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. దాదాపు యాభై మంది పోయారు. బోటు ఓనరుని అరెస్టు చేశారు. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ ఆ బోటుని పైకి తీయలేకపోయింది. ఆ రోజు గోదారిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 11.75 అడుగులకి. అంటే దగ్గర దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి. హెచ్చరిక మట్టంలో సగం నీటికే అంత ఘోరం జరిగింది. "ఇంకా మొదటి హెచ్చరికే రాలేదు కదా" అనే ధైర్యం నది మీద పనికిరాదు. పైగా పులస సముద్రంలోంచి గోదారిలోకి ఎదురీదేది సరిగ్గా ఆ వరద నెలల్లోనే. షికారుకి గిరాకీ ఎప్పుడో, ప్రమాదమూ అప్పుడే.

మన విషయానికి ఇంకా దగ్గరిది కేరళలోని మలప్పురం జిల్లాలో జరిగింది. 2023 మే 7 సాయంత్రం తానూర్ దగ్గర అట్లాంటిక్ అనే బోటు తిరగబడి 22 మంది చనిపోయారు. అందులో చాలామంది పిల్లలు. ఒకే కుటుంబంలో 11 మంది. ఎక్కువమంది ముస్లిం కుటుంబాల వాళ్లే. ఆ బోటు మొదట్లో చేపల పడవ. దాన్నే మార్చి షికారు బోటు చేశారు. పట్టేదానికన్నా ఎక్కువమందిని ఎక్కించారు. అక్కడా ఓనరుని అరెస్టు చేశారు.

చేపల పడవకి ఉన్న రిజిస్ట్రేషన్, లైసెన్సు చేపలు పట్టుకోవడానికే. ప్రయాణికుల్ని ఎక్కించుకోవడానికి అది అనుమతి కాదు. నదుల్లో ఇంజనుతో నడిచే ప్రయాణికుల బోటుకి ఇప్పుడు వర్తించేది 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం. 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి దీన్ని 2022 జూన్‌లో అమల్లోకి తెచ్చారు. దీని ప్రకారం బోటుకి రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. నడిపే సరంగుకి అర్హత పత్రం ఉండాలి. ఎంతమందిని ఎక్కించొచ్చో కాగితం మీద ఉంటుంది. పన్నెండు మంది అని ఉంటే పిల్లలతో సహా పన్నెండు మందే. "చంటోడు ఒళ్లో కూర్చుంటాడులే" అనే లెక్క నీళ్లలో చెల్లదు.

"డబ్బు నేను తీసుకోవడం లేదు కదా భాయ్, సవాబు కోసం తిప్పుతున్నాను, నాకేం కేసు?" అని పడవ ఓనరు అడగొచ్చు. న్యాయంగా కనిపించే ప్రశ్నే. న్యాయ సంహిత 284వ సెక్షన్ ప్రమాదకరమైన స్థితిలో ఉన్న పడవలో, లేదా మోయలేనంత బరువుతో, కిరాయికి మనుషుల్ని తీసుకెళ్లడం నేరమంటుంది. ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ కిరాయి అన్న మాట చూసి మనకి వర్తించదనుకోకండి. వేలంలో డబ్బు చేతులు మారింది. అది ఎవరి జేబులోకి పోయిందన్నది వేరే సంగతి. ఇది కిరాయే అని అవతలి వకీలు గట్టిగా వాదిస్తాడు. ఇంకో మాట కూడా గమనించండి. తీసుకెళ్లినవాడే కాదు, తీసుకెళ్లేలా చేసినవాడు కూడా ఆ సెక్షన్‌లో ఉన్నాడు. అంటే వేలం పెట్టిన కమిటీ పెద్దలు కూడా.

సరే, కిరాయి కాదనే తేలిందనుకుందాం. నిర్లక్ష్యంగా పడవ నడపడం గురించిన 282వ సెక్షన్‌లో కిరాయి ఊసే లేదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్ ఉంది, అయిదేళ్ల దాకా శిక్ష. ఉచితంగా తిప్పినా, డబ్బుకి తిప్పినా ఈ రెండూ ఒకటే. ఎక్కేముందు "ఏం జరిగినా మాదే బాధ్యత" అని అందరితో సంతకాలు పెట్టించుకుంటే సరిపోతుందని కొందరి నమ్మకం. ఆ కాగితం క్రిమినల్ కేసుని ఆపదు.

వినియోగదారుల కోర్టు సంగతి కొంచెం తిరకాసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పూర్తిగా ఉచితమైన సేవని లెక్కలోంచి తీసేసింది. కానీ వేలం పాడినవాళ్లది ఉచితం కాదు. యతీంఖానా పిల్లల్ని ఊరికే తిప్పినా, అదే బోటు మిగతా రోజుల్లో కిరాయికి తిరిగేదైతే వాదనకి చోటుంది. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు, కొందరికి డబ్బుకీ కొందరికి ఉచితంగానూ వైద్యం చేసే ఆసుపత్రుల్లో ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా వినియోగదారులేనని చెప్పింది. అది ఆసుపత్రుల తీర్పు, పడవల తీర్పు కాదు. అయినా వకీళ్లు అలాంటి దారినే పట్టుకుంటారు.

బీమా పాలసీని ఒకసారి తీసి చదవండి. చేపల వేటకని తీసుకున్న పాలసీతో ప్రయాణికుల్ని ఎక్కిస్తే కంపెనీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది. ఆ ఒక్క రోజుకి ప్రయాణికులకు వర్తించేలా కంపెనీతో రాయించుకోవాలి. ఫోన్లో ఏజెంటు "ఏం పర్లేదండీ" అంటే ఆ మాట మీద వెళ్లకండి, కాగితం అడగండి. నన్నడిగితే చేపల పడవ ఉన్నవాళ్లు ఈ దానం జోలికే పోకూడదు. లైసెన్సున్న ప్రయాణికుల బోటు ఉన్నవాళ్లకే ఇది కుదురుతుంది.

ఎక్కడికి వెళ్తారన్నది కూడా ముఖ్యమే. సముద్రంలోకైతే మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవలతో వేట నిషేధం. బడి సెలవులు సరిగ్గా అప్పుడే వస్తాయి కాబట్టి షికారు కోసం ఆ తేదీలే అడుగుతారు. వేటకి వెళ్లి దొరికితే పడవనీ చేపల్నీ పట్టుకుంటారు, డీజిల్ రాయితీ కూడా పోతుంది. కాకినాడ పక్కన కోరంగి మడ అడవులు 1978 నుంచి అభయారణ్యం. అక్కడికి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లడానికి లేదు, గేలం వేయడం మాట దేవుడెరుగు. గేలానికి గానీ వలకి గానీ సముద్రపు తాబేలు తగిలితే వెంటనే వదిలేయాలి, అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. యానాం వైపు వెళ్తే అది పుదుచ్చేరి, అధికారులు వేరు. ఏటి మీద గీత కనిపించదు గానీ కేసు పెట్టాల్సి వస్తే గీత ఉంటుంది.

పన్ను రాయితీ మీద చాలామందికి ఆశ ఉంటుంది. 80జి రాయితీ డబ్బు రూపంలో ఇచ్చిన దానానికే. సరుకు ఇచ్చినా, సేవ ఇచ్చినా, పడవ తిప్పినా రాదు. డబ్బయినా 2,000 రూపాయలు దాటితే నగదుగా ఇవ్వకూడదు. బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వెళ్లాలి. సంస్థకి 80జి గుర్తింపు ఉండాలి, ఫారం 10బీఈ ఇవ్వాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి ఈ రాయితీయే లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ల నంబర్లు మారతాయి, ఆడిటర్ని అడిగి రాయించుకోండి. వేలం పాడినవాళ్లు కట్టిన డబ్బుకి కూడా దానం రసీదు ఇవ్వడం సరికాదు. వాళ్లు దానికి బదులుగా షికారు పొందారు. బదులు తీసుకున్నది దానం ఎలా అవుతుంది?

జకాత్ కింద లెక్క వేసుకుందామన్నా ఇది పనికిరాదు. జకాత్‌లో సొమ్ము హక్కుదారు చేతికి అందాలి, అతని సొంతం కావాలి. పడవ మీద గడిపిన పూట అలా చేతికి రాదు. ఇది సదఖా, ఇన్‌షాఅల్లాహ్ దాని సవాబు దానికి ఉంటుంది. పడవనే వక్ఫ్ చేస్తే అది వేరే కథ. చరాస్తిని వక్ఫ్ చేయడానికి చట్టంలో చోటుంది గానీ 2025 సవరణ తర్వాత నియమాలు మారాయి, కొన్నింటి మీద సుప్రీంకోర్టు మధ్యంతర స్టే ఉంది. ఆ నిర్ణయం చందా మీటింగులో నిలబడి తీసుకునేది కాదు.

అన్నిటికన్నా తేలిక దారి ఒకటుంది. బోటు ఉన్న భాయ్ ఎప్పటిలాగే లైసెన్సుతో కిరాయికి ట్రిప్పు వేసి, ఆ రోజు వచ్చిన డబ్బు మొత్తం బ్యాంకు ద్వారా మదరసాకి పంపడం. వేలం లేదు, గరర్ లేదు, కమిటీ మెడకి చుట్టుకునేది లేదు. రసీదు నిజమైన రసీదు అవుతుంది. చప్పట్లు కొంచెం తక్కువ పడతాయి, అంతే.

అయినా వేలమే పెడతామంటే, యతీంఖానా పిల్లల్నే తిప్పుతామంటే, కనీసం రెండు పేజీల కాగితం రాసుకోండి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు, సర్వే సర్టిఫికెట్ ఎప్పటిదాకా చెల్లుతుంది, ఎంతమంది, సరంగు పేరు, బయలుదేరే రేవు, తిరిగొచ్చే వేళ. వరద వచ్చినా గాలి లేచినా ట్రిప్పు ఆపే అధికారం సరంగుదేనని, అప్పుడు ఇంకో తేదీ ఇస్తారా, డబ్బు వాపసు ఇస్తారా అని. పిల్లలైతే సంస్థ బాధ్యుడి రాతపూర్వక అనుమతి, అమ్మానాన్నో సంరక్షకులో ఉంటే వాళ్ల సంతకం, వెంట ఈత వచ్చిన పెద్దవాళ్లు. లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి ఉన్నాయా అని ముందు రోజే తొడిగి చూడండి. పెద్దవాళ్ల జాకెట్టులోంచి చిన్నపిల్లాడు జారిపోతాడు.

ఎక్కినవాళ్ల పేర్ల జాబితా రెండు ప్రతులు తీయండి. ఒకటి బోటులో, ఇంకోటి ఒడ్డున ఉండే మనిషి దగ్గర. కచ్చులూరు రోజున బోటులో అసలు ఎంతమంది ఉన్నారన్న లెక్కే చాలాసేపటి దాకా తేలలేదు.